తన చావుకు మాకు జపాలు నేర్పిన పెద్దక్క

మా పెద్దక్క పోయిన శుక్రవారం పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ చనిపోయింది. ఆమె నాకు తోడబుట్టింది కాదు, తోడికోడలు. అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంట్లోకి వచ్చాం. మొగుళ్ళు పోయాక ఆ ఇంట్లోనే ఇద్దరమూ మిగిలాం. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

చెప్పక తప్పని పని పడింది. పెద్దక్కను మట్టి చేసిన తీరు తప్పని మా గుడి పెద్ద నలుగురిలో అంటున్నాడు. ఆడవాళ్ళు సమాధుల దగ్గరికి పోవడమేమిటి, చదువు రానిది ఫాదరు మాదిరి జపాలు చెప్పడమేమిటి, అవి పైకి చేరతాయా అని. నన్నంటే పడతాను. ఆమె సమాధి చెల్లదంటే మాత్రం ఊరుకోను. అయితే లోపల నాకూ భయముంది. అందుకే అంతా చెబుతాను. మీరే విని చెప్పండి.

మాది బెళుగుప్పకు అవతల, బస్సు దిగి చాలా దూరం నడవాల్సిన ఊరు. ఫాదరు నెలకొకసారి మోటారు సైకిలు మీద వచ్చి పూజ చేసి పోతారు. మిగిలిన రోజుల్లో ఎవరైనా చనిపోతే వాళ్ళ అదృష్టం. కంకర కొట్టే కరువు పనిలో మా బావ, అంటే పెద్దక్క పెనిమిటి, ఎండదెబ్బకు పడి చనిపోయాడు. ఫాదరు లేరు. జపాలు తెలిసిన ఉపదేశి కర్నాటకలో కూతురింటికి పోయి ఉన్నాడు. మిగిలిన నలుగురు మొగవాళ్ళు ఆ గట్టినేల తవ్వలేక మోకాటి లోతులో ఆపి, కప్పేసి వచ్చారు. పెద్దక్క గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఆడ ఏం జెప్పినారప్పా?"

ఒకాయన తల వంచుకుని, "ఏమీ చెప్పల్యాక్కా. ఎండ జాస్తిగా ఉండె" అన్నాడు.

ఆమె ఏడవలేదు. కానీ ఆనాటి నుంచి ఒకటే మాట. సంగటి కెలుకుతూ, చెనిక్కాయలు ఒలుస్తూ, ఉన్నట్టుండి అనేది: "ఆయప్ప యాడ నిలబడుకోనుండాడో. లోపలికి రానిచ్చినారో లేదో." ఆ భయం మెల్లగా ఆమె మీదికే తిరిగింది. కొడుకులిద్దరూ బెంగుళూరులో ఇండ్లు కట్టే బేల్దారి పనిలో ఉన్నారు. తన గతీ అంతేనేమో అనుకుంది.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఏ ఊర్లో మన వాళ్ళ చావు జరిగినా, ఫాదరు వచ్చారంటే చాలు, నడిచి పోయేది. పోయేది ఏడవడానికి కాదు, వినడానికి. వాకిట్లో కూర్చుని ఒక్కో మాటా చెవిలో వేసుకుని, దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చేది. జనం ఆమెకు చావులక్క అని పేరు పెట్టారు. ఒకసారి ఫాదరే నవ్వుతూ, "ఏమ్మా, నా పని నీకిచ్చేయమంటావా?" అన్నారు. "మీరు బిరీన వచ్చేటట్టుంటే నాకేంటికి సామీ ఈ పని" అంది ఈమె.

రెండు రూపాయల బియ్యం వచ్చి కడుపుకు కొంచెం నెమ్మది కలిగాక, మా వీధి ఆడవాళ్ళను కూడేసింది. ఎండకు పనులుండని మధ్యాహ్నాలు అందరూ మా వసారాలోకి రావాలి. తాను పోతే ఏం చేయాలో అప్పుడు నేర్పేది. జపమాల కుడిచేతికే చుట్టాలి. పలకలు, డప్పులు కొట్టించకూడదు, గుంత తవ్వినవాళ్ళకు సారాయి పోయకూడదు. గుంత తన నడుము దాటాలి. మొగవాళ్ళు లేకపోతే మంచం ఆడవాళ్ళే ఎత్తాలి. జపం చెప్పే మనిషి పొమ్మనేదాకా సమాధి దగ్గర నుంచి ఎవరూ కదలకూడదు. "బతికేది ఎవురూ మనకు నేర్పల్యా. సచ్చేదన్నా నేర్చుకుందాం" అనేది.

నేర్చుకోవాలంటే మంచం మీద పీనుగ ఉండాలి కదా. పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పిల్లల తల్లులు ఎట్లా పడుకుంటారు? వాళ్ళ అత్తలు మా వాకిట్లోకి వచ్చి తిట్టిపోశారు. అప్పుడు పెద్దక్క కళ్ళు నా మీద పడ్డాయి.

"నువ్వు పండుకో."

"నేనేంటికి పండుకుంటా? నీ సావుకు నువ్వే పండుకో."

"నేను పండుకుంటే వీళ్ళకు ఎవురు సెప్పిస్తారే? నీకేమి, నువ్వు పోతే నీ ఎనక ఏడ్సేదానికి ఎవురుండారు?"

నాకు పిల్లలు లేరు. ఆ మాట అనగలిగింది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. కోపంతోనే పోయి పడుకున్నాను.

మీలో ఎవరైనా అట్లా పడుకున్నారో లేదో. ముఖం మీద తెల్లగుడ్డ కప్పుతారు. మన ఊపిరి మన ముఖానికే వేడిగా తగులుతుంది. కాళ్ళ దగ్గర పెద్దక్క గొంతు ఒక్కో పునీతుని పేరు పిలుస్తుంది. చుట్టూ ఆడవాళ్ళు "ఈమె కొరకు వేడుకొనండి" అంటారు. ఈమె అంటే నేనే. నిజంగానే పిలుస్తున్నారు కదా, పైనుంచి ఎవరైనా వచ్చి నన్నే తీసుకుపోతే, ఇది ఉత్తుత్తిది అని చెప్పడానికి నోరు లేస్తుందా అని భయపడేదాన్ని. ఒకనాడు గుడ్డ లాగేసి లేచి కూర్చున్నాను. "పీనిగ లేస్తే జపం మొదుటి నుంచీ సెప్పాల. పండుకో" అంది పెద్దక్క. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను మళ్ళీ గుడ్డ ముఖం మీదికి లాక్కున్నాను.

ఏండ్ల తరబడి ఇట్లా జరిగింది. పోయిన శుక్రవారం సంగటి తిని నీళ్ళు అడిగింది. చెంబు ముంచుకుని వచ్చేలోపల గోడకు ఆనుకుని పోయింది.

ఆడవాళ్ళంతా పరుగున వచ్చారు. ఎవరి పని వాళ్ళు చేశారు. ఒకతె కొవ్వొత్తి ముట్టించింది, ఒకతె జపమాల కుడిచేతికి చుట్టింది, ఒకతె దీవించిన నీళ్ళు చల్లింది. చేతులు కట్టుకుని మంచం చుట్టూ నిలబడ్డాం. అంతే. ఎవరి నోరూ లేవలేదు.

"ఎవురు సెప్పేది?" అంది పక్కింటి కోడలు.

"ఆయమ్మే గదా సెప్తాండె" అంది ఇంకొకతె.

అప్పుడు తెలిసింది. అందరికీ జవాబులే వచ్చు. ముందు మాట ఎప్పుడూ పెద్దక్కదే. అన్నీ నేర్పిన మనిషికి, ఆ రోజు తాను మంచం మీద ఉంటాననే సంగతి తోచనే లేదు. తన చావుకు తానే నిలబడి జపం చెబుతాననుకుంది. ఎవరో ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే బావురుమన్నారు. అందరి చూపులూ నా మీదికి వచ్చాయి.

"పండుకోని అంతా ఇన్నావు గదా పెద్దమ్మా" అంది పక్కింటి కోడలు నాతో.

"ఇన్న్యా. ఎప్పుడూ సెప్పల్యా."

ఫాదరు కోసం సైకిలు మీద పంపిన మనిషి, ఆయన బిషపు గారి ఊరికి పోయారని ఖాళీగా తిరిగి వచ్చాడు. కొడుకులకు టెలిగ్రాం ఇచ్చాం. ఆ ఎండకు వాళ్ళు వచ్చేదాకా ఉంచలేం. గుంత ఇద్దరు ముసలివాళ్ళు మొదలుపెడితే ఆడవాళ్ళు గడ్డపార అందుకుని నడుము దాటించారు.

నేను నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. కళ్ళు మూసుకుంటే వచ్చింది. తెరిస్తే పోయింది. నేను విన్నదంతా గుడ్డ కింద, చీకట్లో కదా. కాబట్టి కళ్ళు మూసుకునే చెప్పాను. పక్కింటి కోడలి భుజం పట్టుకుని, రాళ్ళకు కాళ్ళు కొట్టుకుంటూ సమాధుల దాకా కళ్ళు మూసుకునే నడిచాను. ఆ చీకట్లో, ఆ మాటల నడుమ, మోస్తున్నది ఎవరినో నాకు తెలియలేదు. నోరు ఆపితే మట్టి నా మీద పడుతుందనిపించి ఆపకుండా చెప్పాను.

ఒక్కచోట మాత్రం ఆగాను. నిత్య విశ్రాంతి ఇమ్మని దేవుణ్ణి అడిగే ముందు పెద్దక్క ఎప్పుడూ కొంచెంసేపు ఆగేది. అక్కడ లోపల చెప్పుకునే జపం ఏదైనా ఉందో, ఊపిరి తీసుకునేదో నేనెప్పుడూ అడగలేదు. అందుకని ఉత్తగా ఆగాను. ఇప్పుడు నాకు నిద్ర రానివ్వనిది అదే. అక్కడ ఒక మాట ఉండి, నేను చెప్పకుండా దాటేసి ఉంటే, ఆ మాట కోసం ఆమె ఎక్కడ నిలబడి ఉందో. ఆదివారం ఫాదరు వచ్చి సమాధి దీవించారు. అడిగితే, "దేవునికి అర్థమవుతుందిలేమ్మా" అన్నారు. తప్పనలేదు. చెల్లిందని కూడా గట్టిగా అనలేదు. గుడి పెద్దను ఒకటే అడుగుతున్నాను: ఏమీ చెప్పకుండా కప్పేసి రావడం కన్నా ఇది తక్కువా?

ఆమె మీద మట్టి పడటం నేను చూడలేదు, విన్నాను. మట్టిపెడ్డలు పడే చప్పుడు ముందు దూరంగా, తర్వాత దగ్గరగా వచ్చింది. కొంతసేపటికి అది కూడా నిలిచిపోయింది. కళ్ళు తెరిచాను. కుప్ప ఎత్తుగా లేచి ఉంది. ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి ఉన్నారు. చేతులు మోచేతుల దాకా ఎర్రమట్టి. గాలికి కొంగులు ఎగురుతుంటే పట్టుకోవడం లేదు. ముందు వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టడానికి ఒక్కతె కూడా కదలడం లేదు. అందరూ నా నోటివైపే చూస్తున్నారు.