రహమతుల్లా నోట్లో బుడగలు

ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే రహమతుల్లా గుడ్డలుతికే మిషన్ను అంతకుముందెప్పుడూ చూడలేదు. బట్టల షావుకారు మద్రాసు నుంచి పాతదొకటి తెప్పించి, అది మొరాయిస్తే అతన్నే పిలిపించినాడు. తొట్టి నిండినా అది నీళ్లు పట్టడం ఆపదు. షావుకారు భార్య జయలక్ష్మమ్మ చీర ఎత్తి పట్టుకుని, తడిసిన వరండాలో నిలబడి, "సాలు, సాలే!" అని దాని మీద కేకలేస్తాంది.

రహమతుల్లా మిషన్ ఆపి, అలవాటు కొద్దీ ముందు స్పీకరు కోసం వెతికినాడు. తొట్టి అడుగు నుంచి పైనున్న చిన్న డబ్బాకు పోయే రబ్బరు గొట్టం కనిపించింది. నీళ్లు పెరిగితే గొట్టంలోని గాలి డబ్బాను నొక్కుతాదని, అప్పుడే నీళ్లు ఆగుతాయని అతనికి తోచింది. గొట్టం ఊడదీసి డబ్బాలోకి ఊదినాడు. టక్కుమంది.

"డబ్బా బాగుందమ్మా. గొట్టంలోనే ఏందో అడ్డం పడింది," అని గొట్టం కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చినాడు.

మెత్తటిదేదో నాలుక మీద పడింది. శానా చేదు.

"ఇందులో ఏమేసినావమ్మా?" అన్నాడు. మాటతోపాటు బుడగలొచ్చినాయి.

"కుంకుడుకాయలప్పా. ఆ సబ్బుపొడిని ఎవరు నమ్ముతారు?" అంటూనే ఆమె నవ్వాపుకోలేక తడినేల మీదే కూలబడింది.

కోపంతో ఏదో అనబోతే మళ్లీ బుడగలే వచ్చినాయి. చివరికి తానూ నవ్వేసినాడు.

చేదు పోవడానికి బెల్లంముక్క తిని, గొట్టం మళ్లీ తగిలించి మిషన్ వేస్తే, తొట్టి నిండగానే నీళ్లు ఆగినాయి. జయలక్ష్మమ్మ సబ్బుపొడి మాత్రం కొననేలేదు. కుంకుళ్లను గుడ్డలో మూటగట్టి వేసేది.