గడ్డివాము దొరకు నేను రాసిచ్చిన చీటీ

ఆ రోజుల్లో నాకు మూడు భాషలు వచ్చని ఊళ్లో అందరూ నమ్మేవారు. అందరికంటే ఎక్కువ నేనే నమ్మేవాణ్ణి. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, రేడియో వార్తల పుణ్యమా అని ఇంగ్లీషు. (మూడింటిలో ఏదీ పూర్తిగా రాదని తెలియడానికి ఒక్క మంగళవారం చాలింది.) డెబ్బైల చివర్లో, తమిళనాడులో తిరుత్తణి దగ్గరున్న కనకమ్మ సత్రం అనే ఊళ్లోని మిషను బడికి సున్నం కొట్టి, సాయంత్రాలు చుట్టుపక్కల పల్లెల్లో బైబిలు వాక్యం చెప్పడానికి విదేశం నుంచి ఆరుగురు పదిహేను రోజులకని వచ్చారు. మా తెలుగు పల్లెల్లో వాళ్ల మాటలు చెప్పడానికి దుబాసీ కావలసివచ్చింది. మాది మురుగన్‌కు మొక్కే ఇల్లే అయినా, మేమంతా అయ్యగారు అని పిలిచే పాస్టరు ఆ పట్టింపు పెట్టుకోకుండా నన్ను పిలిచి, "ఈ పదైదు దినాలు ఒప్పుగా చేస్తివంటే బళ్లో క్లార్కు పని నీకేరా" అన్నారు. ఎస్సెల్సీ ఎలాగో గట్టెక్కి, రెండేళ్లుగా మా నాయన చెరుకు తోటకు నీళ్లు కడుతూ తిట్లు తింటున్న నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

ఆరుగురిలో ఒకతనిది నా ఈడే. భుజాల దాకా ఎండుగడ్డి రంగు జుట్టు. బడి పిల్లలు మొదటి రోజే 'గడ్డివాము దొర' అని పేరు పెట్టేశారు. అర్థమేమిటని అతను అడిగితే 'అందగాడు' అని చెప్పాను. (ఇక ప్రతి పల్లెలోనూ చేతులు జోడించి "నేను గడ్డివాము" అని చెప్పుకునేవాడు, పాపం.) చివరి రోజు పొద్దున అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "సాయంత్రం సభకు తిరువళ్లూరు నుంచి పెద్దలొస్తారు, ఫోటో తీస్తారు. ఆ పిల్లోడి జుట్టు రోంత కత్తిరించుకోని రమ్మను" అన్నారు. ఆ రోజు మంగళవారం, సత్రంలో మంగలి షాపు మూత. తిరుత్తణి అయితే మురుగన్ కొండ ఉన్న ఊరు, అక్కడ ఏ వారమైనా కత్తి ఆగదు. నేను వెంట పోవలసింది. కాని నా ఏకైక టెర్లిన్ ప్యాంటు ఇస్త్రీ చేసుకోవాలి కదా! అందుకని అతన్ని బస్సెక్కించి, తమిళంలో ఒక చీటీ రాసిచ్చాను. జుట్టు కత్తిరించాలి అనడానికి తమిళంలో 'ముడి వెట్టణుం' అంటారు. మేకను నరకడానికీ అదే 'వెట్టు' మాటాయె, దొరకు మర్యాదగా ఉండదనిపించి 'ముడి ఎడుక్కణుం', అంటే జుట్టు తీయాలి, అని రాశాను. ఎంత సౌమ్యంగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం నాలుగింటికి పందిరి నిండా జనం. అయ్యగారు పూలమాలతో నిలబడి ఉండగా గడ్డివాము దొర బస్సు దిగి నడిచి వచ్చాడు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. నున్నటి గుండు, దాని నిండా చందనం! ముందు వరుసలో ఒక అవ్వ గబుక్కున లేచి దండం పెట్టింది. వెనక ఎవడో పిల్లవాడు మురుగన్ గుళ్లో అలవాటు కొద్దీ "అరోగరా!" అని కేకేశాడు. తిరుత్తణిలో 'ముడి ఎడుక్కణుం' అంటే ఒకటే అర్థమని, గుండు గీయించుకుని మొక్కు తీర్చుకోవడమేనని అప్పుడు తట్టింది నా బుర్రకు. నా పుట్టువెంట్రుకలు తీయించిందీ ఆ కొండ మీదే!

"యాడికి పోయినాడు? ఎవురు పంపినారు వీణ్ణి?" అయ్యగారు చేతిలోని మాల దించేశారు. అతని చొక్కా జేబులోంచి నా చీటీ కొస కనిపిస్తోంది. నా క్లార్కు పని ఆ జేబులోనే ఉంది. పెద్దలు చూస్తున్నారు.

అతను తాపీగా వేదికెక్కాడు. జేబులోని చీటీ తీసి దానితోనే చందనం తుడుచుకుని, ఉండ చుట్టి పారేసి, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: "నన్నెవరూ పంపలేదు. ఎండకు తాళలేక నేనే తీసేయమన్నాను. ఎవరినైనా నొప్పిస్తే మన్నించండి." ఆ పైన నా వైపు తిరిగి, నేను నేర్పిన తెలుగులో, "చెప్పన్నా" అన్నాడు. చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా, సిగ్గు లేకుండా చెప్పాను. అయ్యగారు మెత్తబడి, "ఎండలు అట్లే ఉండాయిలే" అంటూ మాల వేశారు. (ఫోటోలో ఒక్కరూ కెమెరా వైపు చూడలేదు, అందరి కళ్లూ గుండు మీదే.)

వ్యాను ఎక్కేముందు అతను నా భుజం మీద చేయి వేసి, "అన్నా, 'వెట్టణుం' అని రాయాలంట కదా? తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక మాస్టారు చెప్పాడు" అని ఇంగ్లీషులో అంటూ పకపకా నవ్వాడు. అన్నీ తెలిసే చెప్పిన అబద్ధమన్నమాట! క్షమించమనడానికి మూడు భాషల్లోనూ మాట దొరకలేదు. వ్యాను వెళ్లిపోయింది.

క్లార్కు పని నాకే వచ్చింది, ముప్పై ఏళ్లు చేశాను. అయ్యగారికి సంగతి చెప్పేయాలని ప్రతి క్రిస్మస్‌కూ అనుకోవడం, కేకు తిని వచ్చేయడం. ఇప్పుడు నా నెత్తినా వెంట్రుకల్లేవు, ఏ కత్తీ పడకుండానే. "ఏం మామా, తిరుత్తణికి పోయొచ్చినావా?" అని బస్సులో పిల్లలు ఆట పట్టిస్తుంటారు. నవ్వేస్తాను. నిజం చెప్పడానికి ఇప్పుడు నాకు భయమేమీ లేదు. వినవలసిన అయ్యగారే లేరు.