గాలిమోటరు సార్ల జేబులు తడిమిన ఓదెలు కాక

మొన్న మేనకోడలి కూతురి పెళ్ళికని ఢిల్లీ వెళ్తూ హైదరాబాద్ విమానాశ్రయంలో వరుసలో నిలబడ్డాను. యూనిఫాంలో ఉన్న కుర్రాడు చేతులు పైకెత్తమన్నాడు. అతని అరచేతులు నా భుజాల మీద మొదలై, చంకల కిందుగా నడుము దాకా దిగుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎనభైకి దగ్గరపడ్డ ముసలాడు అలా ఇకిలిస్తుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా! "ఏమైంది అంకుల్, చక్కిలిగిలా?" అన్నాడు. "కాదు నాయనా, నువ్వు సరిగ్గా తడమడం లేదు" అన్నాను. వెనకున్నవాళ్ళు నవ్వారు, అతను మాత్రం నవ్వలేదు. పాపం, అతని డ్యూటీ అతనిది. కానీ నేను వేళాకోళానికి అనలేదు. మనిషిని తడమడమంటే ఏమిటో నేను మరో మనిషి దగ్గర చూశాను. ఆయన పేరు ఓదెలు. నేను ఓదెలు కాక అని, అంటే బాబాయి అని, పిలిచేవాణ్ణి.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. గోదావరిఖని పక్కన మా బొగ్గు కంపెనీకి ఒక విమానాల మైదానం ఉండేది. మైదానమనగానే పెద్దగా ఊహించుకోకండి. ఎర్ర మొరం పోసి రోలరు తిప్పిన పొడవాటి దారి, ఒక రేకుల షెడ్డు, అందులో నాలుగు పెట్రోలు డ్రమ్ములు, గాలి ఎటు వీస్తుందో చూపడానికి కర్రకు కట్టిన గుడ్డ సంచి. అంతే. పెద్ద సార్లు ఎప్పుడో ఒకసారి దిగడానికి వేసిన దారి అది. నేను అక్కడ గుమస్తాను. వచ్చిన విమానం నంబరూ, నడిపినాయన పేరూ రిజిస్టరులో రాయాలి. వస్తే కదా రాయడానికి! హైదరాబాద్ నుంచి సొంత సరదాకు చిన్న విమానాలు నడుపుకునే డాక్టర్లు, వకీళ్ళు, వ్యాపారస్థులు మా నెత్తి మీదుగా తిరుగుతుండేవాళ్ళు. ఒకసారి దిగినాయన రెండోసారి దిగిన పాపాన పోలేదు. నిలబడటానికి నీడ లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు. రన్‌వే నిండా మేకలు. ఒకాయన మూడు చక్కర్లు కొట్టి, మేకలు అంగుళం కూడా కదలకపోయేసరికి విసుగొచ్చి వెళ్ళిపోయాడు. నేను కింద నుంచి చెయ్యి ఊపి మరీ సాగనంపాను. అప్పట్లో నా బుద్ధి అలా ఏడ్చింది.

ఆ ఎండాకాలంలో కొత్త జనరల్ మేనేజరు గారు కాగితం పంపారు. గనుల్లో పైకప్పుకు ఊతంగా నిలబెట్టే కర్ర దుంగలు పెట్టుకోవడానికి జాగా చాలడం లేదట. దసరా లోపల బయటి విమానాలు రావడం మొదలవకపోతే మైదానం మూసేసి అక్కడ దుంగలు పేర్పిస్తామన్నారు. నాకేం, ఆఫీసులో ఇంకో కుర్చీ దొరికేది. ఇబ్బందల్లా ఓదెలు కాకకే. పాతికేళ్ళు గని మొహం దగ్గర తలాషీ డ్యూటీ చేసిన మనిషి ఆయన. లోపలికి దిగే ప్రతి కార్మికుణ్ణీ తడిమి, బీడీలూ అగ్గిపెట్టెలూ ఉంటే తీసి పక్కన పెట్టాలి, ఎందుకంటే గనిలో గ్యాసు ఉంటుంది. పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు బండి కింద పడి కాలు నలిగాక, కూర్చుని చేసే డ్యూటీ అని ఆయన్ను ఆ మధ్యనే మా మైదానానికి పంపారు. ఇది మూతపడితే ఆయనకు ఇవ్వడానికి మరో తేలిక డ్యూటీ లేదు. అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపుతారు. ఇల్లంటే కంపెనీ క్వార్టరే, దాన్నీ ఖాళీ చేయాలి. కాగితం చదివి కాకకు వినిపించాను.

"ఇరవయ్యేండ్లాయె రాజేశం ఆ క్వార్టర్ల. మా లచ్చవ్వ పెట్టిన జామచెట్టు గిప్పుడిప్పుడే కాస్తున్నది" అన్నాడు. తర్వాత తువ్వాలతో మొహం తుడుచుకుని, "సరే తియ్. రమ్మంటె ఎందుకు రారు? మనం రమ్మంటలేము, గంతే" అన్నాడు.

పిలవగానే వచ్చినట్టు ఆ వారంలోనే ఒక విమానం దిగింది. ఆరడుగుల డాక్టరు గారు, మెడలో తెల్లటి సిల్కు రుమాలు, కళ్ళకు నల్లద్దాలు. నేను రిజిస్టరు పట్టుకుని పరుగెత్తాను. కుంటుతూనే కాక నాకన్నా ముందు చేరాడు. నమస్కారం పెట్టాడు. బాగానే ఉంది అనుకున్నాను. మరుక్షణం, "చేతులు లేపుర్రి సారు" అన్నాడు. డాక్టరు గారు బిత్తరపోయి లేపారు. కాక ఆయన్ను భుజాల నుంచి మోకాళ్ళ దాకా తడిమి, కోటు జేబులోంచి సిగరెట్ పెట్టె, బంగారు రంగు లైటరు బయటికి తీసి, గుడ్డలో మూటకట్టి షెడ్డు బయట మేకుకు తగిలించాడు. "పోయేటప్పుడు ఇస్త. ఫికర్ చెయ్యకుర్రి" అన్నాడు. డాక్టరు గారి మొహం కందగడ్డయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. దసరా దాకా ఎందుకు, ఇవాళే మూసేస్తారు అనుకుని కాకను పక్కకు లాక్కుపోయాను.

"కాకా, నీకు పుణ్యముంటది! గిది బొగ్గు బాయి కాదు!"

"కాకపోతె? గా డ్రమ్ములల్ల ఉన్నదేంది, కల్లా?"

నేను షెడ్డు వైపు తిరిగి చూశాను. షెడ్డులో పెట్రోలు, షెడ్డుకు ఆనుకుని నిలబడి సిగరెట్లు కాల్చే సార్లు. అన్నాళ్ళూ ఆ డ్రమ్ముల పక్కనే కుర్చీ వేసుకున్న నాకు ఆ సంగతి ఏనాడూ తట్టలేదు. కాక అప్పటికే వెనక్కి వెళ్ళి, డాక్టరు గారిని తన నులకమంచం మీద కూర్చోబెట్టి, కూజాలో చల్లటి నీళ్ళిచ్చి, భార్య లచ్చవ్వ కట్టిచ్చిన సర్వపిండి రొట్టె ముందు పెట్టాడు. "నీ మొకం జూస్తె పొద్దుగాల్ల ఏం తిన్నట్టు లేదు సారు" అన్నాడు. డాక్టరు గారు మొదటి ముక్క మొహమాటానికి తిన్నారు. రెండోది అడిగి తిన్నారు. వెళ్తూ నా రిజిస్టరు లాక్కుని ఒక వాక్యం రాశారు: "ఇక్కడ జేబులు ఖాళీ చేసి కడుపు నింపుతారు." తర్వాత ఆయన ఈ ముచ్చట క్లబ్బులో అందరికీ చెప్పారట. తలాషీ చేసే మైదానం ఎలా ఉంటుందో చూద్దామని ఒకరు, సర్వపిండి కోసం ఒకరు రావడం మొదలుపెట్టారు. దిగీ దిగగానే తామే చేతులు పైకెత్తి నవ్వుతూ నిలబడేవాళ్ళు.

ఇంక కాకను పట్టుకోవడం ఎవరి తరం? గనిలో గాలి మళ్ళించడానికి వేలాడదీసే మందపాటి గుడ్డలు చిరిగినవి అడిగి తెచ్చి, లచ్చవ్వతో కుట్టించి షెడ్డు ముందు పందిరి వేశాడు. రన్‌వేకు రెండు వైపులా రాళ్ళు పేర్చి సున్నం కొట్టాడు. పైనుంచి చదవగలిగేలా ఊరి పేరు నేల మీద రాయాలన్నాడు. తనకు అక్షరం ముక్క రాదు. నేను కాగితం మీద రాసిస్తే, ఒక్కో అక్షరాన్నీ కుంటికాలితో అడుగులు కొలుచుకుంటూ నేల మీదికి ఎక్కించాడు. లచ్చవ్వ వెనకాలే సున్నం బకెట్టు పట్టుకుని, "మెల్లగ నడువు, అక్షరాలు గూడ కుంటుతున్నయ్" అని ఒకటే నవ్వు. మేకల కాపరిని నేను ఎన్నిసార్లు తిట్టినా వినలేదు. కాక తిట్టలేదు. "సార్లకు చాయ్ పెట్టాలె, నీ మేకపాలు రోజూ నాకే పొయ్యి" అన్నాడు. మర్నాటి నుంచి విమానం మోత వినబడితే చాలు, కాపరే ముందు పరుగెత్తి మేకల్ని తోలేసేవాడు.

ఒక సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. దిగినప్పుడు తడిమితే అర్థముంది. తిరిగి ఎక్కబోయే ముందు కూడా కాక ఒకసారి తడిమేవాడు. వానపడి ఎవరూ రాని ఒక మధ్యాహ్నం, పందిరి కింద చాయ్ తాగుతూ అడిగేశాను.

"బీడీ కోసం కాదు బిడ్డా" అన్నాడు. "చెయ్యి పెడితె మనిషి ఎరుకైతడు. జరమున్నోడు, తిననోడు, ఇంట్ల కొట్లాడొచ్చినోడు, అందరు తెలుస్తరు. సమ్మయ్య అని ఒకడుండె. నా చేతి కింద వాని ఒళ్ళు కాలింది. బీడీ లేదు, అగ్గిపెట్టె లేదు, పోరా అన్న. బాయి మొకం కాడనే టబ్బులొచ్చినయ్. జరం మీద తప్పుకోలేకపాయె. గుంజుదామని ఉరికిన. నా కాలు పాయె, వాడూ దక్కలె." గ్లాసు కింద పెట్టాడు. "అగ్గిపెట్టె కోసం సూసిన గని, మనిషిని సూడలె నేను."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన మాత్రం నా వీపు మీద చరిచి, చాయ్ చల్లారిపోతున్నదని గదిమాడు.

దసరాకు నాలుగు రోజులున్నాయనగా జనరల్ మేనేజరు గారు స్వయంగా వచ్చారు. ఆయన స్నేహితుడు, పెద్ద వ్యాపారస్థుడు, సొంత విమానంలో హైదరాబాద్ నుంచి దిగి ఆయన కోసం ఎదురుచూస్తున్నాడు. స్నేహితుడు తనకు పైనుంచి గనులన్నీ చూపించి దించాక, మైదానం సంగతి తేలుస్తానని మేనేజరు గారు ముందే చెప్పారు. సున్నం రాళ్ళూ, పందిరీ చూసి ఆయన మొహం ప్రసన్నంగానే ఉంది. నేను లోలోపల మొక్కుకుంటున్నాను. ఆ స్నేహితుడు విమానం ఎక్కబోతుంటే కాక అలవాటుగా భుజాల మీద చేతులు వేశాడు. వేసిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఇయ్యాల్ల మీరు పోవద్దు సారు" అన్నాడు.

"ఏమిటయ్యా?" అన్నారు మేనేజరు గారు.

"ఈ సారుకు ఇయ్యాల్ల డ్యూటీ లేదు. ఒళ్ళు కాలుతున్నది, చేతులు వణుకుతున్నయ్."

"నువ్వెవరివి చెప్పడానికి? పక్కకు జరుగు!"

నేను కాక చొక్కా పట్టుకుని లాగాను. "ఊకో కాకా, నీకు దండం పెడ్త. నీ క్వార్టర్ పోతది" అని చెవిలో గొణిగాను. ఆయన నా చెయ్యి విడిపించుకున్నాడు. కుంటుకుంటూ వెళ్ళి సరిగ్గా విమానం ముందు, ఆగి ఉన్న రెక్కల పంకాకు అడ్డంగా నిలబడ్డాడు. "పోతె పోనియ్ రాజేశం. క్వార్టర్ ఇంకోటి సూసుకుంట. మనిషిని యాడ తెస్త?"  మేనేజరు గారు ఎర్రబడి ఏదో అనబోయారు. ఇంతలో ఆ వ్యాపారస్థుడు విమానానికి చేరబడి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"అతన్నేమీ అనకండి" అన్నాడు మెల్లగా. "పొద్దుటి నుంచీ నలతగా ఉంది, ఇక్కడ దిగాక చలి జ్వరం ముంచుకొచ్చింది. మీరు ఎదురుచూస్తుంటే రానని ఎలా చెప్పను? సిగ్గుపడి వచ్చేశాను. పైకి వెళ్ళాక ఏమయ్యేదో!"

 కాక అతన్ని నులకమంచం మీద పడుకోబెట్టి గొంగడి కప్పాడు. నేను జీపు పట్టుకుని దవాఖానకు డాక్టరు కోసం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మేనేజరు గారు పందిరి కింద అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ విమానంలో రెండో మనిషి తానే కావలసిందన్న సంగతి ఆయనకు అప్పటికి బాగా ఒంటబట్టినట్టుంది. వచ్చి కాక ఎదురుగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తారు. "అందర్నీ చూశావు, నన్ను చూడవేం?" అన్నారు. కాక ఏమాత్రం తడబడకుండా భుజాల నుంచి నడుము దాకా తడిమి, "సారు మంచిగనే ఉన్నడు. జర భయపడ్డడు, ఆకలి మీద గూడ ఉన్నడు" అన్నాడు. మేనేజరు గారు పగలబడి నవ్వారు. దవాఖాన డాక్టరూ నవ్వాడు. నవ్వలేక నేను ఏడ్చేశాను. దుంగలు వేరే చోట పేర్చుకున్నారు. ఓదెలు కాక రిటైరయ్యేదాకా అదే క్వార్టర్లో ఉన్నాడు. వెళ్ళే రోజున సామాను సర్దడానికి పోతే లచ్చవ్వ నా సంచి నిండా జామపండ్లు నింపింది.

తర్వాత నన్ను కంపెనీ బండ్ల షెడ్డుకు మార్చారు. రోజూ లారీ, అంబులెన్సు డ్రైవర్లకు డ్యూటీ వేయడం నా పని. మొదటిరోజే కాకలా తడమబోతే ఒకడు కొట్టడానికి వచ్చాడు. అప్పటి నుంచి తాళంచెవి బల్ల మీద పెట్టడం మానేసి, ప్రతివాడి అరచేతిలో పెట్టి, ఆ చేతిని ఒక్క క్షణం పట్టుకునేవాణ్ణి. వేడి, వణుకు, చెమట, ఆ క్షణంలో తెలిసిపోయేవి. తెలిసినప్పుడు తాళంచెవి వెనక్కి తీసుకుని, "ఇయ్యాల్ల నీకు డ్యూటీ లేదు" అనేవాణ్ణి. ఆ మాట అన్నందుకు నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. యూనియన్ దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అలా తిట్టినవాళ్ళలో ఒక్కడు కూడా మర్నాడు రాకుండా ఉండలేదు. అందరూ తమ కాళ్ళ మీద తాము నడుచుకుంటూ వచ్చి, నన్ను మళ్ళీ తిట్టారు.