డ్రమ్ము కొట్టినాయన పేరు

మా బాన్సువాడ పెళ్లిళ్లలో బ్యాండు పెద్ద డ్రమ్ము వాయించే ఖాజా, ఈ మధ్యాహ్నం ఒక రికార్డు పట్టుకొచ్చాడు. అతని బావమరిది బొంబాయి నుంచి తెచ్చాడట, జాజ్. పాటలు లేవు. పియానో, మనిషంత ఎత్తు ఫిడేలు, డ్రమ్ములు, అంతే. నా ప్లేయర్ మీద విన్నాం. (ఆ ప్లేయర్ మా ఇంటికెలా వచ్చిందో చెప్పాలంటే మా మేనమామ రెండో పెళ్లి నుంచి మొదలుపెట్టాలి, వద్దులెండి.)

అయిపోగానే ఖాజా అట్ట వెనక్కి తిప్పాడు. "అన్నా, నీకు ఇంగ్లీషొస్తది గద. గీ డ్రమ్ము కొట్టెటాయన పేరేంది?"

రికార్డింగు వివరాలన్నీ చీమల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. కళ్లజోడు కనబడలేదు. అది లేనిదే చదవలేనని చెప్పడానికి నామోషీ. పెద్ద అక్షరాల్లో ఉన్న పియానో ఆయన పేరు చదివి, "డ్రమ్మాయన పేరు రాయలే" అన్నాను.

"గాడ గూడ గంతేనా," అని నవ్వాడు ఖాజా. "ఇయ్యాల పెయింటర్ వస్తుండు. డ్రమ్ము మీద మా బ్యాండు మాస్టర్ పేరు కింద నా పేరు గూడ రాయించుమని అడుగుదామనుకున్న. ఇగ ఏం అడుగుత తీయ్."

అతను పోయాక, సాయంత్రానికి జోడు దొరికింది. ఆ చీమల అక్షరాల్లో ముగ్గురి పేర్లూ ఒకే సైజులో ఉన్నాయి. ముగ్గురూ ఒకే గదిలో కలిసి వాయించారనీ ఉంది. చెప్పులేసుకుని వీధిలోకి వచ్చేసరికి, పక్కనున్న వర్ని ఊళ్లో పెళ్లికి పోతున్న బ్యాండు లారీ ఎదురైంది. డ్రమ్ము మీద మాస్టర్ పేరు, ఆరని ఎర్ర రంగులో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది. ఖాజా నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

అరిస్తే లారీ ఆగేది. బ్యాండు మొత్తం ముందు నా చదువు సంగతి చెప్పుకోవాల్సి వచ్చేది. అరవలేదు. మీరైతే అరిచేవారా, నిజం చెప్పండి.