రాతి పనికి రాత సాక్ష్యం

నంద్యాల జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను అక్కడి ఉపాధి కార్యాలయానికి అధికారిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. మాది ఉపాధి కల్పన చేసే శాఖ. అందులో ఉపాధి పాలు తక్కువ, కల్పన పాలు ఎక్కువ అని మాలో మేమే నవ్వుకునేవాళ్లం. నా సర్వీసు మొత్తంలో మా శాఖ ఫలానా మనిషికి ఉద్యోగం ఇచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలిగేది ఒక్కరి విషయంలోనే. ఆ మనిషిని నేనే.

పని పద్ధతి ఇది. చదువు ముగించినవాళ్లు వచ్చి పేరు నమోదు చేసుకుంటారు. ఒక్కో వృత్తికి ఒక్కో కోడ్ ఉంటుంది. ఏదైనా సంస్థ తన దగ్గర ఖాళీ ఉందని తెలియజేస్తే, ఆ కోడ్ కింద ఉన్నవారి పేర్లు సీనియారిటీ ప్రకారం పంపుతాం. దీన్ని స్పాన్సర్ చేయడం అంటాం. ఉద్యోగం ఇచ్చేది వాళ్లు. మేము పేర్లు మోసే పోస్టుమన్లం.

ఆ ఏడు కృపావతి అనే అమ్మాయి నమోదుకు వచ్చింది. ఫైన్ ఆర్ట్స్‌లో శిల్పం ప్రధానంగా డిగ్రీ చేసింది. కాలేజీ వదిలాక ఎన్ని చోట్ల అడిగినా పని దొరక్క, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో చేరి రెండేళ్లయింది. వెంట తండ్రి ఉన్నాడు. మిషన్ బడిలో పంతులు. కూర్చోకముందే నన్ను మధ్యవర్తిని చేశాడు.

"సారూ, మీరన్నా చెప్పండి. రాళ్లు కొట్టేదానికి డిగ్రీ యాల?"

"కొట్టేది కాదు నాయనా, చెక్కేది" అంది కూతురు.

"ఏదైతేనేం, మింగేది దుమ్మే గదా."

శిల్పి కోడ్ కింద మా దగ్గర అప్పటికి ఒక్క పేరూ లేదు. కాబట్టి సీనియారిటీలో మొదటా ఆమే, చివరా ఆమే అన్నాను. అమ్మాయి నవ్వింది. తండ్రి నవ్వలేదు.

కొన్ని వారాలకు పక్క జిల్లాలోని ఒక శిక్షణ కేంద్రం శిల్పం నేర్పే బోధకుల ఖాళీ ఉందని రాసింది. పేరు పంపాను. కబురందగానే కృపావతి పరుగున వచ్చింది. ఇంట్లో తెగేసి చెప్పారట. ఈ ఉద్యోగం వస్తే ఉలి ఆమెది. రాకపోతే ఉలి పక్కన పెట్టి, కంప్యూటర్ నేర్చుకుని ఏదైనా షాపులో కూర్చోవాలి.

ఆ ఉద్యోగానికి కావలసిన డిగ్రీ ఆమెకు ఉంది. ఇంకొక షరతు ఉంది. చదువు తర్వాత సొంతంగా చేసిన పనికి ఫొటోలు, పని ఇచ్చినవారి సంతకంతో ధ్రువీకరణ కావాలి. ఆమె ముఖం అక్కడ వాడిపోయింది.

"ఫొటోలు యాడివి సార్? షెడ్డులోకి పోయేటప్పుడే ఫోన్లు సంచిలో ఏసి బయట మేకుకు తగిలించాల."

అది ఆ షెడ్డు కట్టుబాటు. విగ్రహంలో కళ్లు చివరికి మిగులుస్తారు. ముహూర్తం చూసి, షెడ్డు నడిపే పెద్ద ఆచారి ఒక్కడే వాటిని తెరుస్తాడు. కళ్లు తెరవని విగ్రహానికి ఫొటో తీస్తే ఆయన ఊరుకోడు. తెరిచాక అది విగ్రహం కాదు, దేవత. ఆ పూటే బండెక్కి తన ఊరికి వెళ్లిపోతుంది. కృపావతి రెండేళ్లలో చేసినవన్నీ అలాగే వెళ్లాయి. కాలేజీలో మట్టితో చేసిన బొమ్మల ఫొటోలు తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు.

అభ్యర్థి అనుభవాన్ని రుజువు చేసి పెట్టడం మా విధుల్లో లేదు. అయినా ఒక సెలవు రోజు ఆమెతో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారంతా ఒక అమ్మవారి విగ్రహం గురించే చెప్పింది. కళ్లు తప్ప మిగతాదంతా ఆమె పనేనట. కింది పెదవి దగ్గర ఒక్క దెబ్బ ఎక్కువ పడినా నవ్వు పోయి కోపం వస్తుందని, అక్కడికొచ్చాక సుత్తి వదిలేసి ఆకురాయితో అరగదీశానని తన పెదవి మీదే వేలు పెట్టి చూపించింది.

షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. కటింగ్ మిషన్ ఆపించి ఆచారి మాకు టీ తెప్పించాడు. వచ్చిన పని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఈ పాప చేతిలో పని ఉండాది సారూ. నా కొడుకుల చేతిలో లేనంత ఉండాది. నోటితో ఎంతమంది ముందరైనా చెప్తా. కాయితం మాత్రం అడగొద్దు."

"ఎందుకన్నా? అబద్ధం రాయమన్లేదే నేను" అంది కృపావతి.

"నిజమే గదమ్మా కష్టం. చర్చికి పోయే పిల్ల చేసిందని ఆ అమ్మవారి ఊర్లో ఒకడు ఎత్తుకుంటే చాలు. నాకు ఇంకో విగ్రహం చెప్పరు. నీకూ నెమ్మది ఉండదు. నేను చేసినవాటికి నా పేరన్నా యాడుంది? ఊరిపేరే, ఆళ్లగడ్డ విగ్రహం అంటారు, అంతే."

మాది రాత పని, వాళ్లది రాతి పని. మా దాంట్లో చేయకపోయినా సంతకం ఉంటే చాలు. వాళ్ల దాంట్లో చేసినా సంతకం ఉండదు. ఈ మాట పైకి అంటే ఆచారి నవ్వేవాడేమో. ఆమె ముందు అనలేకపోయాను.

ధ్రువీకరణ లేకపోయినా ఫొటో ఉంటే కొంత నయమని, ఆటోలో ఆ అమ్మవారి పల్లెకు వెళ్లాం. గర్భగుడి ముందు నిలబడ్డాం. పట్టుచీర, నిమ్మకాయల దండలు, ముఖానికి అరచేతి మందాన పసుపు, దాని మీద అతికించిన వెండి కళ్లు. రాయి అన్నది గోరంత కూడా కనిపించలేదు. ఆమె చెక్కిన పెదవి పసుపు కింద ఎక్కడో ఉంది. నేను ఫోన్ తీయబోతే పూజారి వారించాడు.

"లోపల పెట్టప్పా. మూలవిరాట్టుకు ఫొటోలు లేవు."

పక్కన దండం పెట్టుకుంటున్న అవ్వ మమ్మల్ని కొత్తవాళ్లని పోల్చుకుంది.

"అభిషేకంనాడు రావాల నాయనా, మొగం చూసేదానికి. ఎట్ల నవ్వుతాదనుకున్యావ్! ఎవురో చేసిన బొమ్మ కాదప్పా ఇది. అమ్మే వచ్చి కూర్చునింది."

నేను కృపావతి వైపు చూశాను. చెప్పేస్తుందనుకున్నాను. ఆమె చున్నీ కొంగు సర్దుకుని, "అవునవ్వా" అంది. అవ్వ తన దోసిట్లోని కొబ్బరి ముక్కల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టింది. తిరుగు బస్సులో, నంద్యాల దగ్గరపడ్డాక, కృపావతి ఒక మాటంది. "కాలేజీలో ఇంత పెద్ద మార్కు ఎవురూ ఏయలేదు సార్."

ఇంటర్వ్యూకు మట్టిబొమ్మల ఫొటోలతోనే వెళ్లింది. ఆ కేంద్రంలో రాయి ఇచ్చి చెక్కించి చూసే పరీక్ష ఉంది. కానీ అది కాగితాల వడపోత దాటినవారికే. డిగ్రీ తర్వాత ఏం చేశావని అడిగితే అమ్మవార్లను చేశానంది. ఎక్కడున్నాయంటే గుళ్లల్లో అంది. అడిగినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారట. అభ్యర్థి అనుభవానికి ఆధారం లేదని మాకు జవాబు వచ్చింది. నియమం ప్రకారం అది తప్పు కాదు. ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేవాణ్ని.

ఆమె ఇప్పుడు నంద్యాలలో ఒక ఫ్లెక్సీ షాపులో పుట్టినరోజు బ్యానర్లు చేస్తోంది. ఒకసారి దారిలో తండ్రి కనిపించాడు. "ఇప్పుడు నీడ పట్టున ఉంది సారూ" అన్నాడు. ఆ మాట గెలిచినవాడి గొంతుతో అనలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కళల చదువు చదివి వచ్చిన ప్రతివారినీ ఒక ప్రశ్న అడిగాను. నువ్వు చేరబోయే చోట నీ పని ఎవరి పేరు మీద బయటికి పోతుంది? చేరకముందే అడిగి తెలుసుకోవాలి. కృపావతి అడగలేదు. అడిగి ఉంటే ఆ షెడ్డులో చేరేది కాదు, నాలుగు ఫొటోలు మిగిలే పనేదో చూసుకునేది, బహుశా ఉద్యోగమూ వచ్చేది. అప్పుడు ఆ పల్లెలో ఆ నవ్వు ఉండేది కాదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ నష్టమో తేల్చే పద్ధతి మా శాఖలో లేదు.