రాబందు కడుపు నిండిన రోజు

ఆ రోజుల్లో నన్ను అవమానించిన వాళ్ళందరినీ వరుసగా గుర్తుపెట్టుకునేవాణ్ని. ఇప్పటికీ మరిచిపోలేదు. కాకపోతే వరుసలో మొదట ఉన్న మనిషి దగ్గరికొచ్చేసరికి కొంచెం తడబడతాను.

అటవీ శాఖలో రోజుకూలీ మీద కొత్తగా చేరాను. బోధన్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, పశువులకు ఒక రకం నొప్పుల సూది వేయించవద్దని కరపత్రాలు పంచడం నా పని. ఆ సూది పడ్డ గొడ్డు చచ్చాక, దాన్ని తిన్న రాబందు కూడా చస్తుంది. మా ఆకాశంలో రాబందులు అలాగే లేకుండా పోయాయి. ఈ సంగతి మర్యాదగా చెప్పినందుకు నాకు దక్కిన బిరుదు ‘రాబందుల సారు’. చెరకు మళ్ళ పక్కన బీడీలు చుట్టే ఒక అక్క అయితే నా కరపత్రాన్ని నా కళ్ళముందే నాలుగు ముక్కలు చేసి బీడీ కట్టలకు చుట్టింది. “మా నడుం నొప్పులకే దిక్కు లేదు తమ్మీ, గద్దల కోసం ఏడ్వాల్నా?” అంది. పక్కింటామె పకపకా నవ్వింది (వరుసలో రెండో స్థానం ఆమెదే).

రెండు నెలలకు, చెరకు కొట్టేసిన మడిలో ఒక రాబందు దిగింది. నేను కళ్ళారా చూసిన మొదటి రాబందు అదే. దగ్గరికి వెళితే ఎగరలేదు. రెండడుగులు గెంతి, మెడ వాల్చుకుని కూర్చుంది. మెడ వాల్చిందంటే విషం ఎక్కినట్టేనని శిక్షణలో చెప్పారు. ముందురోజే అక్క బర్రె చచ్చి, కాలువ ఒడ్డున పడి ఉంది. దాన్నే తిని ఉంటుందని భయపడ్డాను. (ఆ భయంలోనే ‘నేను ముందే చెప్పలేదా’ అన్న తృప్తి కూడా కొంచెం ఉంది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.)

పరుగున వెళ్ళి అక్కను నిలదీశాను. “బర్రెకు ఆ సూది వేయించినవా?”

ఆమె చేతిలోని బీడీ ఆకు కింద పెట్టింది. “మూడు దినాలు నొప్పులకు కొట్టుకున్నది. డాక్టరు ఆ సూదే తీసిండు. అది వద్దు, ఇంకోటి ఎయ్యమన్న. నువ్వే గద చెప్పినవ్?”

“కాగితం చింపినవ్ గదా!”

“చింపిన. చెవులైతే మూసుకోలే గద.”

అయినా నమ్మకం కుదరక, పక్షిని పశువుల ఆసుపత్రికి చేరుద్దామని గోనెసంచి పట్టుకుని మడిలోకి పోయాను. అక్క వెనకే వచ్చింది. నేను సంచి ఎత్తగానే రాబందు మెడ సాచి, తిన్నదంతా నా కొత్త ఖాకీ చొక్కా మీద కక్కింది. ఆ బరువు దిగాక నాలుగు గెంతులు వేసి, రెక్కలు విప్పి, సిరికొండ గుట్టల వైపు ఎగిరిపోయింది.

“తిన్నది అరగక కూసుంటే సావు కబురు తెస్తివి!” అని అక్క గట్టు మీద కూలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, “అంగి ఇప్పు తమ్మీ, పిండుతా” అంది. “మా బర్రె ఉత్తగ పోలే” అని తనలో తనే అనుకోవడం వినిపించింది.

ఇప్పుడు ఎప్పుడైనా గుట్టల మీద ఒకటో రెండో రాబందులు తిరుగుతుంటే తలెత్తి నిలబడిపోతాను. ఆ అక్కను పిలిచి చూపించాలనిపిస్తుంది. తప్పకుండా చూపిస్తాను. ముందు ఆమె చింపిన ఆ కరపత్రం సంగతి తేలాలి.