పదకొండో ద్వారం

నగరం నడిబొడ్డున, నేల కింద మూడంతస్తుల్లో ఉన్న రైల్వే స్టేషన్‌ను ఆమె ఇరవై రెండేళ్లుగా తుడుస్తోంది. దాని పద్నాలుగు ద్వారాల్లో ఏది ఎక్కడ తేలుతుందో ఆమెకు కొట్టినపిండి. దారి తప్పినవాళ్లంతా ఆమెనే అడుగుతారు. అందుకే తోటివాళ్లు మ్యాపక్క అని పిలుస్తారు.

ఆ సాయంత్రం ఆరింటికి కూతురు మొదటిసారి వేదిక మీద ఒక్కతే పాడబోతోంది. భర్త మూడో ద్వారం బయట నిలబడ్డాడని డ్యూటీ దిగి అటే వెళ్లింది. "హాలు దగ్గరే, నడిచిపోదాం" అన్నాడాయన. పైన వీధుల్లో రెండు మలుపులు తిరిగేసరికి ఇద్దరికీ దిక్కు తోచలేదు. ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.

"ఊరందరికీ దారి చెప్తావు, మనకి చెప్పవే తల్లీ!"

"మీరు ఈ ఊళ్లోనే పుట్టారుగా? చెప్పండి చూద్దాం."

ఎదురుగా స్టేషన్ మెట్లు కనబడగానే ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కిందికి లాక్కెళ్లింది.

"ఇప్పుడేగా పైకొచ్చాం!"

"మాట్లాడకుండా రండి."

కింద ఆమె కాళ్లకు కళ్లొచ్చాయి. టికెట్ గేట్ల పక్కనుంచి, పూలకొట్టు దాటి, చెమ్మగోడ వెంట పరుగెత్తించి పదకొండో ద్వారం మెట్లెక్కించింది. తలెత్తితే హాలు గుమ్మం.

లోపల ప్రేక్షకుల వైపు దీపాలు ఆర్పేశారు. వాళ్లు వెనక వరుసలో కూలబడగానే కూతురు వేదిక మీదికొచ్చింది. చీకట్లో తల్లి యూనిఫాం మీది మెరుపు పట్టీలు చూసి నవ్వి, గొంతు విప్పింది.

భర్త ఇంకా రొప్పుతున్నాడు. ఆమె ఆయన మోకాలి మీద చరిచి, "కాసేపు ఊపిరి ఆపండి, పాట వినబడట్లేదు" అంది.